ముందుకి ఇద్దరు, వెనక్కి ఇద్దరు

పోయిన నెల యాంగోన్‌లో ఆ కాలేజీలో సంతాపసభ పెట్టారు. హాల్లో ఆవిడ ఫొటో పెద్దది చేయించి, మల్లెదండ వేసి, స్టాండు మీద నిలబెట్టారు. ఫొటోలో ఆవిడ నవ్వుతోంది. అన్నేళ్ల పరిచయంలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. కరెంటు లేదు. బయట జనరేటరు మోత, లోపల మైకులో కాలేజీ మేనేజరు గొంతు. మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి ఆవిడ తల్లిలాంటిదన్నాడు. ఆవిడ లేని లోటు తీరదన్నాడు. చివర్లో గొంతు సవరించుకుని, ఇకమీదట ఏటా ఆవిడ పేరు మీద ఒక కప్పు ఇస్తామని ప్రకటించాడు. ఎవరికంటే, సీజన్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన అమ్మాయికి.

జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికి వచ్చేశాను.

తెలియక చేశారనుకుంటే కొంత ఊరట ఉండేది. తెలిసే చేశారు. ఆ మేనేజరుతో ఆవిడ బతికున్నంతకాలం పోట్లాడింది ఈ ఒక్క విషయం మీదే. గోలు కొట్టేవాళ్లనే మనుషులుగా చూస్తున్నారు, గోలు పడకుండా ఆపేవాళ్లని గడ్డిపరకలుగా చూస్తున్నారు అని. ఆవిడ నోరు మూతపడ్డాక, ఆవిడ పేరునే తీసుకెళ్లి అవతలి పక్షంలో కూర్చోబెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. కప్పు మీద చెక్కించారుగా, అది చాలు.

అందరూ ఆవిడని సయామ అనేవారు. బర్మాలో ఆడ టీచరుని అలాగే పిలుస్తారు. నేను మాత్రం మా ఇళ్లలో పెద్దక్కని పిలిచినట్టు అప్పా అనేవాణ్ణి. ఆవిడకి నా పేరు తెలుసు, కానీ ఎప్పుడూ వాడలేదు. "ఓయ్ పేపరు" అని పిలిచేది. నేను పత్రిక ఉద్యోగం మానేసి ఏళ్లయ్యాక కూడా అదే పిలుపు.

మ్యాచ్ జరుగుతున్నప్పుడు పెద్దమనుషులకి గ్రౌండు మధ్యగీత పక్కన షామియానా వేసి కుర్చీలు వేస్తారు. కోచ్‌గా ఆవిడకీ అక్కడ కుర్చీ ఉండేది. ఆవిడ దానిలో కూర్చోగా ఎవరూ చూడలేదు. కూల్‌డ్రింకు సీసాల పెట్టె ఒకటి బోర్లించుకుని, మన గోలు వెనక, వల అవతల కూర్చునేది. అక్కడ ఆడవాళ్లూ కట్టే లుంగీ మోకాళ్ల దగ్గరికి మడిచి, మగవాళ్ల నల్లగొడుగు ఒళ్లో పెట్టుకుని. మన ఫార్వర్డు అమ్మాయి బంతితో అవతలి గోలు మీదికి దూసుకుపోతుంటుంది, గ్రౌండంతా లేచి నిలబడి అరుస్తుంటుంది, ఈవిడ మాత్రం ఇటు, మన గోలుకి కాపలాగా, పనేమీ లేకుండా నిలబడిన మన బ్యాక్‌లని చూస్తుంటుంది. ఒకసారి అడిగాను, బంతి అక్కడుంటే ఇక్కడేం చూస్తున్నావని.

"బంతిని ఊరంతా సూస్తన్నాది గదా. అదేటి పారిపోద్దా" అంది.

మనవాళ్లు గోలు కొడితే ఆవిడ చప్పట్లు కొట్టేది కాదు. అవతలి ఫార్వర్డు వేగంగా వస్తూ, మన బ్యాక్ ఒక్క అడుగు పక్కకి వేయగానే దారి కనబడక బంతిని వెనక్కి ఇచ్చేస్తుందే, ఎవరికీ పట్టని ఆ క్షణాన ఆవిడ తొడ మీద ఫట్టున చరుచుకునేది. మ్యాచ్ అయ్యాక బ్యాక్ ఆడిన పిల్ల దగ్గరికెళ్లి, "ఈయేళ నీ దిక్కు ఏటీ జరగనేదు" అనేది. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు. ఆ మాట కోసం పిల్లలు బూట్లు విప్పకుండా కాచుకుని కూర్చునేవారు.

కోపం వస్తే అరిచేది కాదు. కొప్పు విప్పేది. పిన్నులు పళ్ల మధ్య కరిచిపట్టుకుని, జుట్టు మళ్లీ బిగించి ముడివేస్తూ, ఆ పిన్నుల సందులోంచి మాట్లాడేది. పిన్నులు నోట్లో ఉన్నంతసేపూ ఎదురు చెప్పకూడదని జట్టులో కొత్తగా చేరిన పిల్లకి సైతం మొదటి రోజే తెలిసిపోయేది. మేనేజరుకి మాత్రం తెలియలేదు, లేదా తెలిసీ లక్ష్యపెట్టలేదు.

తెలుగు బాప్టిస్టు కుటుంబం వాళ్లది. తాతల నాడు బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోయడానికి వచ్చినవాళ్లు. ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్లేది గానీ చివరి పాట దాకా ఉండేది కాదు, ప్రాక్టీసుకి పరిగెత్తేది. మ్యాచ్ ముందు పిల్లలు చేతులు జోడిస్తే, గోలు ఇమ్మని దేవుణ్ణి అడగొద్దు, ఎవరి కాలూ విరక్కుండా చూడమనండి, అవతలివాళ్ల కాళ్లతో సహా, అని చెప్పేది.

ఇప్పుడు అసలు గొడవ చెప్పాలి. ఆ కాలేజీ ఏటా వానాకాలం ముందు ఫుట్‌బాల్ ఆడే పిల్లలకి నాలుగు సీట్లు ఫీజు లేకుండా ఇచ్చేది. ఎవరికివ్వాలో ఆవిడ చెప్పాలి, మేనేజరు ఒప్పుకోవాలి. ఆవిడ లెక్క ఎప్పుడూ ఒకటే, ముందుకి ఇద్దరు, వెనక్కి ఇద్దరు. మేనేజరు లెక్క నాలుగూ ముందుకే. ఆయన వాదనలో అబద్ధం లేదు. గేటు దగ్గర పోస్టరు మీద గోలు కొట్టిన పిల్ల బొమ్మ వేస్తే చూసి మరో పదిమంది చేరతారు, బంతిని బయటికి తన్నిన పిల్ల బొమ్మ వేస్తే ఎవరు చేరతారు అనేవాడు. ఊళ్లో కరెంటుండదు, పిల్లలు ఒకరి వెనక ఒకరు థాయిలాండ్ వెళ్లిపోతున్నారు, కాలేజీ నడవాలా వద్దా అనేవాడు.

ఆవిడ జవాబు పబేడాన్ పేటలో మేం కూర్చునే టీకొట్లో నేను చాలాసార్లు విన్నాను. అక్కడ బల్ల మీద ఊరికే ఇచ్చే పచ్చటీ కప్పులు బోలెడుంటాయి. వాటిని జట్టులా పేర్చేది. పక్క బల్ల మీద కప్పులు కూడా అడక్కుండా లాక్కునేది. తన టీ సాసర్‌లో పోసుకుని చల్లారబెడుతూ, ముందు వరస కప్పుల్ని వేలితో తోసి, "ఈల్లు రోజూ పొద్దున్న ఎవుల్ని దాటి నేర్సుకుంతారు? నన్నా? నాకు మోకాలు నొప్పి" అనేది. మంచి బ్యాక్ లేని జట్టులో ఫార్వర్డు ప్రాక్టీసులో సింహంలా ఆడుతుంది, మ్యాచ్‌లో నిజమైన బ్యాక్ ఎదురయ్యేసరికి బెదిరిపోతుంది. ఇదీ ఆవిడ చెప్పేది. వెనక ఆడేవాళ్ల మీద గుడ్డి మమకారం కాదు. ఒక ఏడాది వరసగా మ్యాచులన్నీ ఎవరికీ గోలు లేకుండా ముగుస్తుంటే, తనే ఒక బ్యాక్‌ని తగ్గించి ఫార్వర్డుని తీసుకుంది. మేనేజరు గెలిచాననుకున్నాడు. ఆవిడ నాతో, "డలా ఎల్లీ సంపాన్ పడవ ఒక పక్కకి వొరిగితే రెండో పక్కకి జరిగి కూకోమేటి? అంతే ఇదీని" అంది.

వెనక ఆడే పిల్లల్ని ఆవిడ ఫుట్‌బాల్ గ్రౌండులో వెతికేది కాదు. చిన్‌లోన్ ఆడే చోట వెతికేది. బర్మాలో వీధివీధికీ ఉండే ఆట అది. గుండ్రంగా నిలబడి, పేము బంతిని కాళ్లతో, మోకాళ్లతో పైకి తంతూ కింద పడకుండా ఆడతారు. ప్రత్యర్థులుండరు, గోలుండదు. మధ్యలో ఒకరు నిలబడి విన్యాసాలు చేస్తుంటారు, చుట్టూ ఉన్నవాళ్లు బంతి అందిస్తుంటారు. చూసేవాళ్లంతా మధ్యలో మనిషినే చూస్తారు. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లని చూసేది. బంతి తప్పబోతోందని ఎవరి కాలు ముందు కదులుతోందో చూసేది. "పడ్డాక పరిగెత్తినోల్లు నాకొద్దు" అనేది. బోటాటౌంగ్‌లో జెట్టీ పక్క రోడ్డు మీద సాయంత్రాలు ఆవిడ గొడుగు ఆనించుకుని నిలబడితే, ఎవరి పిల్లనో ఎత్తుకెళ్లడానికి వచ్చిందని వేళాకోళం ఆడేవారు.

నూకరత్నం అనే పిల్లని అలాగే పట్టింది. నేనూ ఉన్నాను ఆ రోజు. ట్వంటే అనే ఊళ్లో కుండలు చేసేవాళ్ల గురించి ఏదో రాద్దామని నేను బయల్దేరితే, తనూ వస్తానంది. నది దాటి డలాలో దిగి, మన షేర్ ఆటోలా జనాన్ని ఎక్కించుకుని తిరిగే లైన్ కారులో వెళ్లాం. కుండల బట్టీ వెనక ఖాళీ స్థలంలో పిల్లలు చిన్‌లోన్ ఆడుతున్నారు. నేను బట్టీలోకి వెళ్లి పని చూసుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడే నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక పొడుగాటి పిల్లని కనుసైగతో చూపించి, ఆ పిల్ల ఇల్లు ఎక్కడో కనుక్కోమంది.

కాలవ గట్టు మీద ఇల్లు. తరాల కింద వచ్చి వరిపొలాల్లో స్థిరపడ్డ మన ఉత్తరాంధ్ర వాళ్లే. తల్లి పైడమ్మ పెరట్లో చేపలు తోముతోంది. చేతులు కడుక్కోకుండానే విన్నది. పిల్ల చదువు, ఉండడం, తిండి అన్నీ కాలేజీయే చూసుకుంటుందంటే నమ్మకంగా తలాడించలేదు. అక్కడ మా పిల్ల ఏం ఆట ఆడాలని అడిగింది. బ్యాక్ అని, అంటే వెనక నిలబడి ఎవరినీ దాటనివ్వకుండా చూసుకోవడమని సయామ చెప్పింది.

"ఎనక నిలబడ్డానికి యాంగోన్ దాకా ఎందుకమ్మా? రోజూ మా గేదిల ఎనక నిలబడతన్నాది గదా" అంది పైడమ్మ.

ఇంట్లోవాళ్లంతా పగలబడి నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. సయామ నవ్వలేదు.

"మీ గేదిల్ని కూడా సూసే వొచ్చాను. ఒక్కటీ గట్టు దిగి పొలంలో పడనేదు. అందుకే అడుగుతున్నాను" అంది.

పైడమ్మ చేతిలో చేప పక్కన పెట్టింది. ఆవిడ మొహంలోకే చూసి, "సదువు అయ్యీవరకూ ఉంచుతావా, మజ్జలో పంపించీస్తావా?" అని అడిగింది.

"ఉంచుతాను" అంది సయామ.

ఆ ఒక్క మాట మీద పిల్లని పంపించారు.

ఆ ఏడు మేనేజరు మూడు సీట్లు ఫార్వర్డులకి ఇచ్చాడు. ఫోనుల్లో తమ గోల్స్ వీడియోలు చూపించుకున్న పిల్లలు వాళ్లు. మిగిలిన ఒక్కటీ నూకరత్నానికి వచ్చింది, అది కూడా సయామ ఆఫీసు గుమ్మంలో పెట్టె వేసుక్కూర్చుని కదలనంటే. ఆ ఓటమిని ఆయన మరచిపోలేదు. కొత్త రూలు తెచ్చాడు. సీటు ఏడాదికే ఇస్తారు. మళ్లీ ఏడాది ఉండాలంటే సీజన్‌లో స్కోరులో పేరు ఎక్కాలి. కనీసం ఒక్క గోలైనా కొట్టాలి. కష్టపడేవాళ్లకి ప్రోత్సాహం అని నోటీసు బోర్డు మీద రాశారు. ఎవరిని బయటికి తోయడానికో అందరికీ తెలుసు. ఫార్వర్డు పిల్లలకి అది రూలే కాదు, బ్యాక్ ఆడే పిల్లకి మాత్రం గెంటివేత. ఆవిడ వెళ్లి అడిగితే, ఆ అమ్మాయిని కూడా ఒక గోలు కొట్టమనండి, ఎవరొద్దన్నారు అని నవ్వాడట. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నూకరత్నం ఆ సీజనంతా ఆడింది. ఆ పిల్ల ఆట గురించి రాద్దామంటే రాయడానికి ఏమీ దొరకదు. ఆ పక్క ఏమీ జరగలేదు, అదే ఆమె ఆట. అవతలి జట్లు ఒకటి రెండు మ్యాచ్‌ల తరవాత ఆ పక్క రావడం మానేసి రెండో పక్క నుంచే వచ్చేవి. ఫార్వర్డు పిల్లల బొమ్మలు గేటు దగ్గర మారుతూ వచ్చాయి. వాళ్లలో ఒకమ్మాయే కెప్టెను. మంచి పిల్ల.

చివరి మ్యాచ్‌లో గెలుపు ఎప్పుడో ఖాయమైపోయింది. కాసేపట్లో విజిల్ పడుతుందనగా మనకి పెనాల్టీ వచ్చింది. కెప్టెను పిల్ల బంతి చేతుల్లోకి తీసుకుని, చుక్క మీద పెట్టకుండా, వెనక్కి తిరిగి నూకరత్నం వైపు చాచింది.  అందరికీ ఆ రూలు తెలుసు. నూకరత్నం తన చోటు వదిలి నడవడం మొదలుపెట్టింది. మధ్యగీత దాటింది. బంతి దగ్గరికి ఇంకా సగం దూరం ఉంది.

మన గోలు వెనక పెట్టె మీంచి సయామ లేచింది.

"రత్నం. నీ జాగాకి రా."

గట్టిగా కూడా అనలేదు. కానీ గ్రౌండులో అందరికీ వినబడింది. ఆ పిల్ల ఆగింది. బంతి వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, నడిచి వచ్చి తన చోట నిలబడింది. కెప్టెను పెనాల్టీ కొట్టింది, గోలు పడింది. ఎవరూ కేక వేయలేదు.

నేను గ్రౌండు చుట్టూ పరిగెత్తుకెళ్లాను. ఒక్క తన్నుతో ఆ పిల్ల చదువు నిలబడుతుంది కదా అప్పా, నీకేం పోయింది అన్నాను. అప్పటికే కొప్పు విప్పేసి ఉంది. పిన్నులు పళ్ల మధ్య ఉన్నాయి.

"అది కొడితే ఆడి రూలు సరేనని నేను ఒప్పుకున్నట్టే. వొచ్చే ఏడు నా బ్యాక్‌లందరూ సీటు కోసం ముందుకే పరిగెడతారు. ఎనక ఎవులుంతారు, నువ్వుంటావా?"

అందులో ప్రతి మాటా నిజమే. అందుకే ఆవిడ మీద నా కోపం ఇంతవరకూ తగ్గలేదు. అబద్ధమైతే క్షమించేవాణ్ణి. దుర్మార్గపు రూలు పెట్టింది ఆయన. దానికి తల వంచనన్నది ఈవిడ. ఇద్దరికీ ఎవరి చోటు వాళ్లకుంది, ఆయనకి ఆఫీసులో, ఈవిడకి గోలు వెనక. పోయిన సీటు మాత్రం మూడో మనిషిది.

సీటు పోయింది. సయామ ఆఫీసుకెళ్లి బల్ల మీద చెయ్యి పెట్టి, ఈ పిల్ల పక్క నుంచి ఏడాది పొడుగునా ఎన్ని గోల్స్ పడ్డాయో చూసి చెప్పమంది. నేను పక్కనే ఉన్నాను. అలాంటివి మేం రాసుకోమండీ అన్నాడు మేనేజరు, టీ తాగమని కప్పు ముందుకి జరుపుతూ. ఆవిడ ఆ కప్పు ముట్టలేదు. ఉద్యోగం వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. తను పోతే వెనక్కి ఆ ఒక్క సీటు కూడా అడిగేవాళ్లుండరని ఉండిపోయింది. మరుసటి ఏడు నాలుగు సీట్లూ ఫార్వర్డులకే ఇచ్చారు. జట్టు గోల్స్ కొట్టింది, అంతకు రెట్టింపు ఇచ్చుకుంది. డిఫెన్సు బలహీనంగా ఉందని, కోచ్ శ్రద్ధ పెట్టాలని మేనేజరు కాలేజీ వార్షిక సభలో అన్నాడు. సభలో నవ్వాపుకోలేక బయటికొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ నవ్వు నవ్వు కాదు.

నూకరత్నాన్ని ట్వంటేకి ఆవిడే స్వయంగా దిగబెట్టింది. నన్ను రావద్దంది. అక్కడేం జరిగిందో ఈమధ్యే తెలిసింది.

సంతాపసభ అయిన వారానికి నేను లైంతాయా వెళ్లాను. ఊరవతల ఫ్యాక్టరీలుండే పేట. నూకరత్నం అక్కడ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలంతా ఒకే రంగు చొక్కాలతో గుంపుగా బయటికొచ్చారు. ఎత్తు వల్ల తనని గుర్తుపట్టాను. తనూ నన్ను గుర్తుపట్టింది. రోడ్డు పక్క నిలబడి మాట్లాడుకున్నాం. ఆ రోజు గుమ్మంలో తల్లి ఏమేమి తిట్టిందో చెప్పింది. వీధి వీధంతా వచ్చి చూసిందట. ఉంచుతానన్నావు గదా, మాటిచ్చావు గదా అని పైడమ్మ అడుగుతుంటే, సయామ "అన్నాను" అని ఒక్కమాట అని, ఆమె తిట్లన్నీ అయిపోయేదాకా ఎండలో గొడుగు విప్పకుండా నిలబడిందట. తరవాత పిల్ల పెట్టె గుమ్మం లోపల పెట్టి వెళ్లిపోయిందట.

నీకు ఎవరి మీద కోపం అని అడిగాను. మేనేజరు పేరు చెబుతుందనుకున్నాను. అది వినడానికే అంత దూరం వెళ్లానేమో కూడా.

"సయామ మీదే" అంది.



"ఆ మేనేజరు నన్ను ఒక్కనాడూ సూడనేదు బాబూ. సూడనోడి మీద ఏటి కోపం. ఆవిడ సూసింది. నా కాలు ఎటు పడతాదో నాకన్నా ముందు ఆవిడకే తెలిసీది. అలాటావిడ, నేను సగం దూరం నడిసెల్లాక ఎనక్కి పిలిసింది. రత్నం, నువ్వు కొడతావా మానతావా అని ఒక్క మాట అడగనేదు. కెప్టెన్ అడగనేదు, బంతి ఇచ్చీసింది. మా అమ్మ అడగనేదు, పంపించీసింది. నన్నెవులూ అడగనేదు."

గొంతు పెంచలేదు. టిఫిన్ క్యారియరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. లైన్ కారు వచ్చి ఆగింది, కుర్రాడు స్టాపుల పేర్లు అరుస్తున్నాడు. అడిగుంటే ఏం చెప్పేదానివి అన్నాను.

కారు మెట్టు మీద కాలు పెట్టి నా వైపు తిరిగింది.

"ఆవిడ అడిగితే ఆవిడకి సెప్పీదాన్ని" అంది. "మీకెందుకు సెప్తాను?"